పాప వయసెంత అని అడిగిన అన్నయ్యకి, ఇల్లు చూసిపెట్టిన అక్కకి

ఉద్యోగానికి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వెళ్ళాలా, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్ళాలా అని రెండు నెలలు తేల్చుకోలేక సతమతమైపోయిన మాకు ఓపిగ్గా జవాబులు చెప్పిన అందరికీ చాలా చాలా థాంక్స్. పోయిన శనివారం గ్లాస్గోలో పాలు పొంగించాం!

రెండు చోట్లా జీతం 45,000 పౌండ్లే. స్కాట్లాండ్‌లో ఇన్‌కమ్ టాక్స్ వేరు, ఇదే జీతానికి ఏడాదికి సుమారు 400 పౌండ్లు ఎక్కువ కట్టాలి, కాబట్టి మాంచెస్టరే మేలని దాదాపు తేల్చేసుకున్నాను. మాంచెస్టర్‌లోనే పదేళ్ళుగా ఉంటున్న అన్నయ్య నా లెక్కంతా విని, "అది సరే తమ్ముడూ, పాప వయసెంత?" అన్నారు. మూడు నిండాయి. స్కాట్లాండ్‌లో మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ నర్సరీ ఏడాదికి 1,140 గంటలు ఉచితం, అంటే స్కూళ్ళు నడిచే వారాల్లో వారానికి 30 గంటలు. ఇంగ్లండ్‌లో ఆ వయసు వాళ్ళందరికీ ఇచ్చేది 15 గంటలే, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలు మాలాగా ఇద్దరూ పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయాలు) తీసుకునే వీలు లేని వీసా మీద ఉంటే రావు. మా ఆవిడా ఉద్యోగం చేస్తుంది కాబట్టి ఆ తేడా మాకు నెలకే 300 పౌండ్ల పైన పడేది. నేను ఏడాదికి 400 గురించి టెన్షన్ పడుతున్నాను!

గ్లాస్గో అక్క రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. మమ్మల్ని ఎప్పుడూ చూసింది లేదు, ఆదివారం పూట వానలో గ్లాస్గోలోనే ఉన్న షాలాండ్స్ అనే పేటకి వెళ్ళి, పాతకాలపు రాతి కట్టడంలో మూడో అంతస్తు ఎక్కి, వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించారు. కిటికీ అంచుల దగ్గర చెయ్యి పెట్టి చలిగాలి వస్తోందేమో చూశారు, బాత్రూమ్ మూలల్లో చెమ్మ, బూజు వెతికారు, హీటర్ వేసి అది వేడెక్కేదాకా అక్కడే నిలబడ్డారు. ఇక్కడ నీళ్ళ చార్జీ కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) బిల్లులోనే కలిసి వస్తుందని చెప్పిందీ ఆవిడే, లేకపోతే ఆ బిల్లు చూసి కంగారు పడేవాళ్ళం. లిఫ్ట్ లేదు, పాప బండి మోసుకుంటూ ఎక్కాలి, డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడుతుంది అని కూడా దాచకుండా చెప్పారు. అందుకే ఆవిడ మాట మీద నమ్మకం కుదిరింది.

అన్నయ్యా, మీకు గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. అక్కా, వచ్చే ఆదివారం భోజనానికి మా ఇంటికి రావాల్సిందే. గ్లాస్గోలో ఎవరికైనా ఇల్లు చూసిపెట్టాలంటే నాకు మెసేజ్ పెట్టండి, నేను వెళ్ళి చూస్తాను.