రాయి దొరికిన వార్తతో సరిపెట్టవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏ పొలంలోనో, సముద్రపు ఒడ్డునో బరువైన నల్లరాయి ఒకటి కనిపించి, దానికి అయస్కాంతం అంటుకుంటే చాలు, మరునాటికల్లా అది ఆకాశం నుంచి రాలిన ఉల్కగా పత్రికలకెక్కుతున్నది. పక్కనే లక్షల్లో ధర కూడా అచ్చవుతున్నది. ఆ తరువాత ఆ రాయి ఏమైందో, పరీక్షల్లో ఏమని తేలిందో చెప్పే వార్త మాత్రం నా కంటబడడం చాలా అరుదు. చాలా ఏళ్లు భూవిజ్ఞానం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా ఈ విషయం మీ దృష్టికి తేదలచాను.

విశాఖపట్నంలో అయస్కాంతాన్ని నమ్ముకోవడం మరీ ప్రమాదం. ఇది ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు. బైలదిల్లా ఇనుప ఖనిజం రైళ్లలో రేవుకు చేరే ఊరు. భీమిలి ఇసుకలో అయస్కాంతం దొర్లిస్తే మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజపు రేణువులు గడ్డంలా వేలాడతాయి. కిందటేడు మా వీధి కుర్రవాడొకడు పిడికెడంత రాయిని పాత తువ్వాలులో చుట్టి తెచ్చాడు. అప్పటికే వాళ్ల నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. భూతద్దం పెట్టి చూస్తే పగిలినచోట గాజు మెరుపు, సూదిమొన దిగేటంత బుడగల గుంటలు కనిపించాయి. అది కొలిమి స్లాగు, అంటే ఇనుము కరిగించగా మిగిలే మడ్డి. మన పాతవాళ్ల మాటలో ఇనుప చిట్టెం. "అయస్కాంతం అంటుకుంది కదా మాస్టారూ" అని ఆ అబ్బాయి చాలాసేపు వాదించాడు. వాడి తప్పేమీ లేదు, వాడు చదివిన వార్తలన్నీ అలాగే చెప్పాయి.

అసలు రాతి ఉల్క చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. గాలిని చీల్చుకుంటూ వచ్చేటప్పుడు పైభాగం కరిగి ఏర్పడే నల్లని పెంకు సాధారణంగా మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అది ఓ మూల పగిలితే లోపల సిమెంటు ముక్కలాంటి బూడిదరంగు, అందులో ఇనుము, నికెల్ కలిసిన లోహపు చుక్కలు మినుకుమంటాయి. పడుతుండగా చూసి సేకరించిన ఉల్కల్లో నూటికి 90కి పైగా రాతివే. వాటిలో అత్యధికం కాండ్రైట్లు, అంటే కాండ్రూల్స్ అనే గుండ్రటి గుళికలు ఉండే రాళ్లు. ఆవగింజంతేసి ఉండే ఈ గుళికలు సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట, సౌరకుటుంబం రూపుదిద్దుకుంటున్న కాలంలో కరిగి గట్టిపడినవి. ఉల్కలలోని నికెల్ సంగతి లోకానికి తెలియడంలో మన దేశపు రాయికీ పాత్ర ఉంది: 1798లో కాశీ దగ్గర పడిన రాయిని కూడా విశ్లేషించిన మీదటే ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హోవర్డ్ 1802లో ఆ సంగతి ప్రకటించారు.

ఇక వర్గీకరణ కంటిచూపుతో జరిగే పని కాదు. రాతి నుంచి వెలుతురు దూరేంత పలుచని పొరను కోసి, సానబట్టి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో ఆలివిన్ ఖనిజంలోని ఇనుము, మెగ్నీషియం పరమాణువుల్లో ఇనుము పాలెంతో కొలుస్తారు. ఆ పాలు సుమారు 16 నుంచి 20 శాతం ఉంటే హెచ్, 22 నుంచి 26 ఉంటే ఎల్, అంతకు మించితే ఎల్‌ఎల్ వర్గం. కాండ్రూల్స్ స్పష్టంగా ఉంటే 3, వేడికి చాలావరకు చెరిగిపోయి ఉంటే 6 అన్న అంకె వేస్తారు. 2015లో అస్సాంలోని కమర్‌గావ్‌లో పడిన ఉల్క ఎల్6 వర్గానిది. ఆపైన 20 గ్రాములు గానీ, మొత్తం బరువులో ఐదోవంతు గానీ, ఏది తక్కువైతే అంత నమూనాను గుర్తింపు పొందిన సంస్థలో భద్రపరిచాకే ఉల్కలను అధ్యయనం చేసే అంతర్జాతీయ సంస్థ అయిన మెటియొరిటికల్ సొసైటీ నామకరణ సంఘం పేరు ఖాయం చేస్తుంది.

ఆ పేరు సాధారణంగా ఉల్క పడిన ఊరిదో, ఆ దగ్గరి చోటుదో. 1997 డిసెంబరులో అప్పటి కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పడిన రాయి ఈనాడు ప్రపంచ ఉల్కల జాబితాలో విస్సన్నపేట పేరుతోనే ఉంది. అది కాండ్రైట్ కాదు, యూక్రైట్. అంటే వెస్టా అనే గ్రహశకలపు పైపొర నుంచి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావించే, లావా రాళ్లను పోలిన జాతి. యూక్రైట్లలో లోహం అత్యల్పం కాబట్టి అయస్కాంతం వాటికి అంటుకోదనే చెప్పాలి. మన పత్రికల పరీక్షే గీటురాయి అయి ఉంటే విస్సన్నపేట రాయిని ఎవరో గట్టుమీదికి విసిరేసేవారు.

కనుక నా మనవి ఇది. ఉల్క వార్త వేసేటప్పుడు ధర మానేసి, రాయి పడిన చోటు, సమయం, తొలిసారి తీసిన ఫొటో ఉన్నాయో లేదో రాయండి. రాయిని కడగవద్దనీ, పసుపు కుంకుమలు పెట్టవద్దనీ, పొడి డబ్బాలో ఉంచి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తెలియజేయమనీ పాఠకులకు చెప్పండి. మన ఊరి ఉప్పుగాలికి ఇంటి గేట్లే ఆగవు, ఉల్కలోని లోహం ఎన్నాళ్లు ఆగుతుంది? పరీక్షల ఫలితం వచ్చాక, అది స్లాగేనని తేలినా సరే, మొదటి వార్త వేసిన పేజీలోనే దాన్ని కూడా వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
విశాఖపట్నం.