జతకట్టిన కలుపు మందు లెక్కలోకి రాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కలుపు మందుల మీద మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. చాలావరకు బాగుంది, కానీ మొక్కలోకి వెళ్ళిన 2,4-డి అనే కలుపు మందును మొక్కే హానిలేకుండా మార్చేసుకుంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది చదివిన రైతు గానీ వినియోగదారుడు గానీ ఇక భయం లేదనుకుంటారు. సగం నిజం అది.

2,4-డి అనేది మొక్కల్లో సహజంగా ఉండే, పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోన్‌కి మనుషులు తయారుచేసిన నకలు, 1940ల నుంచీ వాడకంలో ఉంది. సొంత ఆక్సిన్ ఎక్కువైతే మొక్క దాన్ని అమైనో ఆమ్లాలతో జతకట్టి పక్కన పెడుతుంది, విరగ్గొడుతుంది కూడా. ఈ నకలు అంత త్వరగా లొంగదు కాబట్టే వెడల్పాకు కలుపు మెలికలు తిరిగి, అదుపు తప్పిన పెరుగుదలతో చచ్చిపోతుంది.

అలాగని మొక్క ఊరుకోదు. గోధుమ లాంటి గడ్డిజాతి మొక్కలు మందు అణువులోని వలయాన్నే మార్చేసి దానికి చక్కెర తగిలిస్తాయి, ఆ తర్వాత అది మళ్ళీ మందుగా మారడం చాలా కష్టం. వెడల్పాకు మొక్కల్లో చాలావాటి దారి వేరు, అవి అణువు చివరనున్న ఆమ్ల భాగానికి చక్కెరనో, గ్లుటామిక్ ఆమ్లం, అస్పార్టిక్ ఆమ్లం లాంటివాటినో అతికిస్తాయి. ఈ అతుకు ఊడిరాగలదు. అసలు విషయం ఇదే, మీ కథనంలో లేనిదీ ఇదే. 1970లలో 2,4-డికి రకరకాల అమైనో ఆమ్లాలు కలిపి సోయాబీన్ కణజాలం మీద, ఓట్స్ మొలకల ముక్కల మీద పరీక్షించారు. జతకట్టాక మందు చచ్చుబడిపోతే ఏమీ జరగకూడదు కదా, కానీ కణజాలం ఆక్సిన్ అందినట్టే పెరిగింది, మొలక ముక్కలు సాగాయి. కణం లోపల జత విడిపోయి అసలు 2,4-డి బయటికి రావడమే దీనికి ముఖ్య కారణమని చెబుతారు. అంటే మొక్క మందును నాశనం చెయ్యలేదు, బీరువాలో పెట్టి తాళం వేసింది, తాళంచెవి కూడా తన దగ్గరే ఉంది.

దీనికీ జనానికీ ఏం సంబంధం అంటారేమో. పంటలో మిగిలిపోయిన మందును, అంటే అవశేషాలను, పరీక్షించేటప్పుడు ల్యాబ్ విడిగా ఉన్న 2,4-డిని మాత్రమే కొలిస్తే ఈ జతకట్టిన భాగం కనబడదు, దాన్ని ముందుగా విడగొట్టి అప్పుడు కొలవాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో 2,4-డి అవశేషం అంటే 2,4-డితో పాటు దాని లవణాలు, ఎస్టర్లు అనే రసాయన రూపాలు, జతకట్టిన రూపాలు అన్నీ కలిపిన మొత్తం. అన్నిచోట్లా నిర్వచనం ఇలాగే లేదు. నిర్వచనం మారితే అదే గింజకి వచ్చే అంకె కూడా మారిపోవచ్చు!

జతకట్టిన మందు దొరికితే ఆ పంట విషమైపోయిందని నేను అనడం లేదు, ఎంత ఉందన్నదే ముఖ్యం, లేనిపోని టెన్షన్ పెట్టడం నాకూ ఇష్టం లేదు. అయితే ఆ ఎంత అన్నది తెలియాలంటే ముందు కొలవాలి కదండీ. ఇకమీదట అవశేషాలు పరిమితిలోనే ఉన్నాయని ఎవరైనా ప్రకటిస్తే జతకట్టినదాన్ని కలిపి కొలిచారా లేదా అని మీ విలేకరులు అడగాలి, వచ్చిన జవాబు ఆ అంకె పక్కనే అచ్చువెయ్యాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు