ఒడిస్సియస్ తల్లి ఏ తప్పూ చేయలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పిల్లల పేజీలో 'గ్రీకుల నరకం' అని ఒక వ్యాసం వేశారు. పక్కన కొమ్ముల కిరీటం పెట్టుకున్న యముడి బొమ్మ, సలసల కాగే నూనె బాండీ. నాలుగో తరగతి చదివే మా మనవరాలు అది చదివి నా దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, ఒడిస్సియస్ వాళ్ళమ్మ ఏం తప్పు చేసింది? ఆవిడ్ని నరకంలో ఎందుకు వేశారు?" అని అడిగింది. పాత గ్రీకు కవి హోమర్ 'ఒడిస్సీ' కావ్యంలో చెప్పిన ఈ ఒడిస్సియస్ కథ రాత్రిళ్ళు దానికి చెప్పేది నేనే. ఆ ప్రశ్న విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను పండితుణ్ణి కాను. 30 ఏళ్ళు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో 11 ఏళ్ళు గ్రీకు యజమానుల ఓడల మీద గడిచాయి. రిపేర్లకని పిరేయస్ రేవు పక్కన పెరామా యార్డుల్లో వారాల తరబడి ఆగేవాళ్ళం. మా సెకండ్ ఇంజనీరు హియోస్ దీవి వాడు. సెలవు దొరికినప్పుడల్లా నన్ను ఏథెన్స్ మ్యూజియానికీ, కెరమైకోస్ అనే పాత శ్మశానానికీ తీసుకెళ్ళేవాడు. హోమర్ కథలు వాడి నోట విన్నవే. తర్వాత ఇంగ్లీషు అనువాదాలు కొని చదువుకున్నాను.

మీ వ్యాసంలో టాంటలస్, సిసిఫస్, టిటియోస్ శిక్షలు రాశారు. అవి నిజమే, ఒడిస్సీలో ఉన్నాయి. కానీ హోమర్ చెప్పిన ఆ లోకంలో అలా శిక్ష పడిన పేరున్నవాళ్ళు ఆ ముగ్గురే. వాళ్ళు ఏకంగా దేవుళ్ళతోనే తలపడి తప్పు చేసినవాళ్ళు. మిగతా జనం దాదాపు అంతా, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ, రాజులూ కూలీలూ, చనిపోయాక చేరేది ఒక్క చోటికే. దాని పేరు హేడిస్, ఆ చోటును ఏలే దేవుడి పేరూ అదే. అక్కడ నూనె బాండీలు లేవు, చిత్రగుప్తుడి చిట్టా లేదు. హేడిస్ ప్రాణాలు తీసుకుపోవడానికి పాశం పట్టుకుని రాడు. అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు వేసుకుంటే జ్యూస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, ఇతనికి భూమి అడుగు భాగం వచ్చాయి. అంతే. తీర్పు చెప్పే న్యాయమూర్తులుగా మైనోస్, రాడమాంతస్, ఈయకస్ ముగ్గురి గురించీ వివరంగా రాసినవాడు తత్వవేత్త ప్లేటో. అది హోమర్ తర్వాత శతాబ్దాలకు. దాన్ని తెచ్చి అందరి నమ్మకం అని పిల్లలకు చెప్పడం సరికాదు.

ఇక ఆ తల్లి సంగతి. ఒడిస్సియస్ ట్రాయ్ యుద్ధానికి బయలుదేరేటప్పటికి ఆమె బతికే ఉంది. ఏళ్ళ తర్వాత, ఇంటికి దారి తెలుసుకోవడానికి అతను చనిపోయినవాళ్ళ లోకం అంచుకు వెళ్తాడు. మూరెడు గొయ్యి తవ్వి, ముందు తేనె కలిపిన పాలు, తర్వాత ద్రాక్షసారా, తర్వాత నీళ్ళు ధారపోసి, పైన బార్లీ పిండి చల్లుతాడు. గొర్రెల్ని కోసి రక్తం ఆ గోతిలోకి వదులుతాడు. నీడల్లాంటి జనం ఆ రక్తం కోసం గుంపులుగా వస్తారు. ఆ గుంపులో తల్లి ఆంటిక్లీయా కనిపిస్తుంది. ఆమె పోయిందని అతనికి తెలిసింది ఆ క్షణంలోనే. ఇంటి దారి చెప్పాల్సింది చనిపోయిన జోస్యుడు టైరీసియస్, ముందు అతను మాట్లాడాలి కాబట్టి, కన్నతల్లిని కూడా కత్తి అడ్డుపెట్టి ఆపుతాడు. ఆమె కొడుకుని గుర్తుపట్టకుండా మౌనంగా కూర్చుని ఉంటుంది. రక్తం తాగాకే గుర్తుపడుతుంది. ఎలా పోయావమ్మా అని అడిగితే, రోగం కాదు, బాణమూ కాదు, నీ మీద బెంగే నా ప్రాణం తీసింది అంటుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు. మూడుసార్లూ నీడలా, కలలా చేతుల్లోంచి జారిపోతుంది.

1993లో మా అమ్మ పోయింది. అప్పుడు మేము బ్రెజిల్ నుంచి ఇనుప ఖనిజం వేసుకుని రాటర్‌డామ్ వెళ్తున్నాం. కెప్టెన్ పిలిచి టెలెక్స్ కాగితం చేతిలో పెట్టేసరికే రెండు రోజులైంది. రేవుకు ఇంకా 9 రోజులు. నేను భీమిలి చేరేసరికి తమ్ముడు పన్నెండో రోజు కూడా అయ్యిందనిపించాడు. గేటు చప్పుడైనప్పుడల్లా అమ్మ నా పేరు పిలిచేదట. ఆ అట్లాంటిక్ మీద రాత్రి వాచ్‌లో నా పక్కన కూర్చుని సెకండ్ ఇంజనీరు ఈ కథ చెప్పాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, కథ మాత్రమే చెప్పాడు. అలాంటి తల్లి ఉన్న చోటును నరకం అని రాస్తే నాకెలా ఉంటుందో మీరే ఆలోచించండి.

మరి గ్రీకులు భయపడింది దేనికి? నాకు అర్థమైనంతవరకు, అంత్యక్రియలు లేకుండా పోవడానికి. ఆ గొయ్యి దగ్గరకు అందరికంటే ముందు వచ్చినవాడు ఎల్పెనోర్. ఒడిస్సియస్ ఓడలో కుర్రవాడు. గొప్ప ధైర్యశాలీ కాదు, తెలివైనవాడూ కాదని హోమరే అంటాడు. తాగి ఇంటి కప్పు మీద పడుకుని, ఉదయం గందరగోళంలో కిందపడి మెడ విరిగి చచ్చిపోయాడు. ఎవరూ చూసుకోలేదు, ఓడ బయలుదేరిపోయింది. వాడు అడిగేది ఒక్కటే. నన్ను దహనం చేసి, సముద్రం ఒడ్డున మట్టి దిబ్బ వేసి, బతికుండగా మీతో కలిసి నేను వేసిన తెడ్డు దాని మీద పాతండి అని. ఒడిస్సియస్ అంత దూరం వెనక్కి వెళ్ళి ఆ పని చేసి వస్తాడు. ఓడ మీద పనిచేసిన ఎవర్నైనా అడగండి, ఆ తెడ్డు మాట వినగానే గొంతు పట్టేస్తుంది. మా సర్వీసులో ఇద్దరు సముద్రంలో పడి దొరకలేదు. వాళ్ళ ఇళ్ళకు పంపడానికి బట్టల పెట్టెలే మిగిలాయి.

ఇది కథల్లోనే ఉన్న సంగతి కాదు. క్రీ.పూ. 406లో అర్గినూసే దీవుల దగ్గర ఏథెన్స్ నౌకాదళం స్పార్టా మీద గెలిచింది. గెలుపులో కూడా 25 ఓడలు పోయాయి. తుఫాను వల్ల నీళ్ళలో ఉన్నవాళ్ళనీ, శవాలనీ తీసుకురాలేకపోయారు. యుద్ధం గెలిపించిన 8 మంది సేనానులకు ప్రజాసభ మరణశిక్ష వేసింది. ఊళ్ళో చేతికి దొరికిన ఆరుగురినీ చంపేశారు. అందరికీ ఒకే ఓటుతో శిక్ష వేయడం చట్టం కాదని అధ్యక్ష బృందంలో అడ్డం తిరిగినవాడు సోక్రటీస్.

చనిపోయినవాళ్ళను ఆ లోకానికి రేవు దాటించే పడవ సరంగు కేరన్ గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ పేరు హోమర్‌లో లేదు, తర్వాత వచ్చింది. శవం నోట్లో ఒక ఒబోల్ నాణెం పెట్టేవారు, అది రేవు దాటించే కూలి. ఆరు ఒబోల్స్ అయితే ఒక డ్రాక్మా. నోట్లోనే ఎందుకంటే, ఏథెన్స్‌లో బతికున్నవాళ్ళు కూడా బజారుకు వెళ్తే చిల్లర బుగ్గన పెట్టుకునేవారు. మ్యూజియంలో సమాధుల దగ్గర పెట్టే, నూనె పోసే తెల్ల కూజాలు చూశాను. వాటి మీద కేరన్ భయంకరంగా ఉండడు. పొట్టి అంగీ, పనివాళ్ళ టోపీ, చేతిలో గెడ. మన రేవులో పంటు నడిపేవాడిలా, ఎదుటి మనిషి ఎక్కేదాకా ఓపిగ్గా నిలబడి ఉంటాడు. మీ చిత్రకారుడు ఆ బొమ్మ చూసి వేసి ఉంటే ఎంత బాగుండేది!

పాత ఏథెన్స్‌లో ఏటా చలికాలం చివర్లో ఆంథెస్తీరియా అనే పండగ మూడు రోజులు చేసేవారు. చనిపోయినవాళ్ళు ఊళ్ళో తిరుగుతారని నమ్మి తలుపులకు తారు పూసేవారు. మూడో రోజు కుండల్లో రకరకాల గింజలు తేనెతో ఉడికించి, ప్రాణాలకు దారి చూపే హెర్మీస్‌కు పెట్టేవారు. ఇప్పటి గ్రీకు క్రైస్తవులు పోయినవాళ్ళ పేరున గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలు, కిస్‌మిస్, చక్కెర కలిపి చర్చిలో పంచుతారు. కోలివా అంటారు. దాని మూలం ఆ పాత కుండల్లోనే ఉందని మా సెకండ్ ఇంజనీరు నమ్మకం. వాళ్ళమ్మ పేరున పంచిన గుప్పెడు నాకూ పెట్టాడు. తింటుంటే మా అమ్మ దినం గుర్తొచ్చింది.

ఆ నీడల లోకం కంటే మెరుగైనది కావాలనుకున్న గ్రీకులూ ఉన్నారు. ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్ అనే పుణ్యక్షేత్రంలో దీక్ష తీసుకుంటే చనిపోయాక మంచి జరుగుతుందని నమ్మేవారు. ఆ దీక్ష ఆడవాళ్ళకూ బానిసలకూ కూడా ఇచ్చేవారు. దక్షిణ ఇటలీలో హిప్పోనియన్ అనే చోట సుమారు క్రీ.పూ. 400 నాటి ఒక స్త్రీ సమాధిలో చిన్న బంగారు రేకు దొరికింది. దాని మీద ఆమెకు దారి రాసి ఉంది. తెల్లని సైప్రస్ చెట్టు దగ్గరి ఊటకు వెళ్ళకు, ఇంకా ముందుకు పో, కాపలావాళ్ళు అడిగితే నేను భూమికీ నక్షత్రాల ఆకాశానికీ బిడ్డనని చెప్పు, దాహంతో ఎండిపోతున్నాను, జ్ఞాపకాల సరస్సు నీళ్ళు ఇవ్వమని అడుగు. చీకట్లో తప్పిపోకుండా దారి చీటీ రాసిచ్చి పంపినట్టుంది. ఇలాంటివి పిల్లలకు చెప్పకుండా నూనె బాండీ ఎందుకండీ?

నా కోరిక చిన్నది. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. 'గ్రీకుల నరకం' బదులు 'చనిపోయినవాళ్ళ లోకం' అనండి. బొమ్మ మార్చండి. చోటు తక్కువైతే మిగతాదంతా వదిలేసి, ఒడిస్సియస్ తల్లి ఏ తప్పూ చేయలేదని, కొడుకు మీద బెంగతో పోయిందని ఒక్క వాక్యం వేసినా చాలు. మా మనవరాలు మీ పేజీ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటుంది. సవరణ కోసం పక్క పేజీ ఖాళీగా ఉంచమని దానికి చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీరు,
భీమునిపట్నం