కాగితం గొట్టంలోంచి చూసిన చీకటి

అమ్మడూ,

నువ్వు హాస్టల్‌కి వెళ్ళే ముందు రోజు రాత్రి డాబా మీద ఒక మాట అడిగావు, గుర్తుందా? "నాన్నా, రాత్రి ఎందుకు చీకటిగా ఉంటుంది?" అని. నేను ఫోన్ చూసుకుంటూ "సూర్యుడు లేడు కదమ్మా" అనేశాను. నువ్వు ఊరుకోలేదు. "నక్షత్రాలు కూడా సూర్యుళ్ళేగా, ఇన్ని ఉన్నాయిగా" అన్నావు. "అవి చాలా దూరంలో ఉన్నాయి" అన్నాను. అప్పుడు నువ్వు నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, గొట్టంలా చుట్టి, రెండు నక్షత్రాల మధ్య నల్లటి చోటు వెతుక్కుని, కన్ను ఆనించి చాలాసేపు చూశావు. "ఇటే తిన్నగా పోతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఒక నక్షత్రం తగలాలి. విశ్వానికి అంతు లేకపోతే తగిలి తీరాలి" అన్నావు. నేనేమో "పడుకో, పొద్దున్నే బయల్దేరాలి" అన్నాను.

ఆ మాట నన్ను ఇన్నాళ్ళూ వదల్లేదు. దూరం వల్ల చీకటి అని నేను చెప్పింది తప్పు. ఎందుకు తప్పో ముందు చెప్తాను, నీ ప్రశ్నలోని బలమంతా అక్కడే ఉంది.

ఒక నక్షత్రాన్ని రెండింతల దూరానికి జరిపితే దాని వెలుగు మనకు నాలుగో వంతే అందుతుంది. మూడింతలు జరిపితే తొమ్మిదో వంతు. ఇంతవరకూ నా జవాబు నిలబడుతుంది. ఇప్పుడు మన చుట్టూ ఒకే మందం ఉన్న పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకో. రెండింతల దూరంలో ఉన్న పొర నాలుగింతలు పెద్దది, కాబట్టి అందులో నక్షత్రాలూ నాలుగింతలు పడతాయి. ఒక్కో నక్షత్రం వెలుగు నాలుగో వంతుకు పడిపోయినా, వాటి సంఖ్య నాలుగింతలైంది. లెక్క సరిపోయింది! దగ్గరి పొర ఎంత వెలుగిస్తుందో దూరపు పొరా అంతే ఇస్తుంది. పొరలకు అంతు లేకపోతే ఆకాశంలో సూది మోపేంత చోటు కూడా నల్లగా మిగలకూడదు.

అది ఎంత వెలుగో ఊహించగలవా? ఈసారి చేయి చాచి చిటికెన వేలు చందమామకు అడ్డం పెట్టి చూడు, మొత్తం దాగిపోతుంది. సూర్యుడు మనకు కనబడేదీ దాదాపు ఆ సైజులోనే. తల మీది ఆకాశమంతా నిండాలంటే అలాంటి బింబాలు సుమారు ఒక లక్ష పడతాయి. రాత్రీ పగలూ లేకుండా లక్ష సూర్యుళ్ళు నెత్తిన ఉండాల్సింది, కాగితం గొట్టంలో నీకు కనబడింది నలుపు.

1610లోనే కెప్లర్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త దీని గురించి ఆలోచించాడు. గెలీలియో టెలిస్కోప్‌లో లెక్కలేనన్ని కొత్త నక్షత్రాలు కనబడ్డాయని విని, అవన్నీ సూర్యుళ్ళై అంతు లేకుండా ఉంటే ఆకాశం ఇలా ఉండదు కదా అన్నాడు. కాబట్టి విశ్వానికి హద్దు ఉందని తేల్చాడు. 1823లో జర్మనీలో బ్రెమెన్ ఊరి డాక్టర్ ఓల్బర్స్ మళ్ళీ ఈ ప్రశ్న ఎత్తాడు. పగలు రోగులను చూసి, రాత్రుళ్ళు ఇంటి పై అంతస్తు నుంచి ఆకాశాన్ని చూసేవాడు. ఇప్పటికీ ఈ చిక్కుముడిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మధ్యలో ఏదో పదార్థం ఆ వెలుగును మింగేస్తోందని ఆయన జవాబు. అది కూడా నిలవదు. వెలుగును మింగే ధూళి వేడెక్కుతుంది, వేడెక్కీ వేడెక్కీ చివరికి తనే వెలగడం మొదలుపెడుతుంది.

అసలు జవాబుకు దగ్గరగా వచ్చింది ఒక కథకుడు, అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో, 1848లో. అంత దూరం నుంచి బయల్దేరిన వెలుగు ఇంకా మన దాకా చేరలేదేమో అన్నాడు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం.

వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా సూర్యుడి నుంచి రావడానికి 8 నిమిషాలకు పైనే పడుతుంది. అంటే నీ గొట్టం దూరంలోకే కాదు, గతంలోకి కూడా చూస్తోంది. మన విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళు. అంతకన్నా పాత వెలుగు మన దగ్గరికి రాలేదు. నక్షత్రాలు ఎంత పలచగా ఉన్నాయంటే, ప్రతి చూపూ ఒకదానికి తగలాలంటే కోటి కోట్ల కాంతి సంవత్సరాలు పోయినా చాలదు (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం). పైగా అవి ఎల్లకాలం వెలగవు. మన సూర్యుడి మొత్తం ఆయుష్షే సుమారు 1000 కోట్ల ఏళ్ళు. ఆకాశాన్ని నింపేంత వెలుగు పుట్టడానికి కావలసినంత కాలం గడవనే లేదు. రాత్రి చీకటిని చూసి కెప్లర్ విశ్వానికి హద్దు ఉందనుకున్నాడు, కానీ ఆ చీకటి చెప్పేది విశ్వం వయసు గురించి.

మరి నువ్వు చూసిన ఆ నల్లటి చోట, నక్షత్రాలూ గెలాక్సీలూ అన్నీ దాటిపోయాక ఏముంది? అక్కడ నిజంగానే వెలుగుంది, అమ్మడూ. విశ్వం మొదలైన సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళ దాకా అంతా మండే పొగమంచులా ఉండేది, వెలుగు ముందుకు కదల్లేకపోయేది. వేడి 3000 డిగ్రీల దగ్గరికి దిగాక అది తేటపడి, వెలుగు బయటపడింది. అప్పటి నుంచీ విశ్వం సాగుతూనే ఉంది, దానితోపాటు ఆ వెలుగు తరంగాలూ సుమారు 1100 రెట్లు సాగి మైక్రోవేవ్‌లు అయిపోయాయి. ఇప్పుడు దాని వేడి సున్నాకు దిగువన 270 డిగ్రీలు. పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు తమ రేడియో ఆంటెనాలో ఎటు తిప్పినా పోని ఒక సన్నటి రొదను పట్టుకున్నారు, అది ఈ వెలుగేనని 1965లో తేలింది. నీ గొట్టం ఆ రాత్రి ఖాళీగా లేదు. అందులోంచి వచ్చిన వెలుగును పట్టే శక్తి మన కళ్ళకు లేదు, అంతే.

ఇక అంతు ఉందా లేదా అన్నది. ఆ పాత వెలుగు బయల్దేరిన చోటు, విశ్వం సాగుతూ రావడం వల్ల, ఇప్పుడు మనకు సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది మన చూపుకు హద్దు. దాని అవతల కూడా విశ్వం ఉంది, ఎంత ఉందో ఎవరూ తేల్చలేదు. ఆ వెలుగులోని మచ్చలను కొలిచి చూస్తే, కొలతకు అందినంత మేర విశ్వంలో వంపు కనబడలేదు. వంపు లేకుండా అలాగే సాగిపోతే అంతు లేనట్టే. కొలతకు అందనంత కొద్దిపాటి వంపు ఉండి, భూమి చుట్టూ తిన్నగా నడిస్తే మొదలుకే వచ్చినట్టు, ఎక్కడో తనలోకి తనే తిరిగి వచ్చే అవకాశమూ ఉంది.

అంతు లేనిది ఇంకా ఎలా సాగుతుంది అని అడుగుతావని నాకు తెలుసు. 1, 2, 3 అని ఆగకుండా రాసుకుంటూ పో. ఇప్పుడు ప్రతిదాన్నీ రెట్టింపు చెయ్యి: 2, 4, 6. అన్నిటి మధ్యా దూరం పెరిగింది, బయట కొత్త చోటేమీ అక్కర్లేకపోయింది. ఇది చదివి నేను ఒక పూటంతా కాగితం మీద వేసి చూసుకున్నాను.

నీ గొట్టం నా బల్ల మీదే ఉంది, రబ్బరుబ్యాండ్ వేసి ఉంచాను. సెలవులకు వచ్చినప్పుడు అమావాస్య దగ్గర్లో ఉండేలా చూసుకో. ఈసారి ఫోన్ కిందే పెట్టి వస్తాను, నల్లటి చోటు నువ్వే వెతుకు.

నాన్న