లేడీస్ బ్యాచ్‌లో ఒక్క లేన్ ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

కర్నూల్లో వేసవి ఈత శిబిరాలు మొదలయ్యాయని మీ జిల్లా పేజీలో చదివాను. పిల్లల బ్యాచ్‌లు, వేళలు, ఫీజులు అన్నీ వివరంగా ఇచ్చారు. ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఏదైనా పరీక్ష కోసం సాధన చేయాలంటే ఈ ఊళ్లో చోటేదని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను స్కూబాలో, అంటే గాలి సిలిండర్ వీపుకు కట్టుకొని నీళ్ల అడుగుకు వెళ్లే డైవింగ్‌లో, డైవ్‌మాస్టర్ కోర్సుకు తయారవుతున్నాను. సముద్రంలో ఒకసారి మునిగి, చేపల మధ్య ఫొటో దిగి వచ్చే సరదా కాదు ఇది. డైవింగ్‌కు వచ్చినవాళ్లను వెంటబెట్టుకొని నీళ్లలోకి దించి, క్షేమంగా పైకి తెచ్చే ఉద్యోగానికి మొదటి మెట్టు. నేను చేరేది ప్యాడీ అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థ కోర్సు. 18 ఏళ్లు నిండాలి, ఆపదలో ఉన్న డైవర్లను కాపాడడం నేర్పే రెస్క్యూ డైవర్ కోర్సు అయిపోయి ఉండాలి, చేరేనాటికి కనీసం 40 డైవ్‌లు చేసి ఉండాలి. అవన్నీ నాకు అండమాన్‌లో అయ్యాయి. మెడికల్ సర్టిఫికెట్ మీద సంతకం పెడుతూ డాక్టరు గారు “కర్నూల్లో సముద్రం యాడుందమ్మా?” అని నవ్వారు. సముద్రం తర్వాత సంగతి సార్, ఈత పరీక్షల సాధనకు 25 మీటర్ల కొలను ఉంటే చాలన్నాను. అప్పటికి ఆ మాట ధైర్యంగానే అన్నాను.

ఈ పరీక్షలకు మార్కులుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు. నీళ్ల అడుగున ఇద్దరు ఒకే రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించేది) గాలి పంచుకుంటూ మాస్కు, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), బీసీడీ (గాలి నింపే జాకెట్టు) మార్చుకునే పరీక్ష కూడా కలిపి మొత్తం అయిదు పరీక్షల్లో 15 మార్కులు రావాలి. 400 మీటర్ల ఈతను 10 నిమిషాల 50 సెకన్లలోపు ముగిస్తే 3 మార్కులు, ఆరున్నర నిమిషాల్లోపైతే 5. మా కొలనులో 400 అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 16 సార్లు, అంటే 16 లెంగ్తులు. ఒక్కో లెంగ్తు 40 సెకన్ల చొప్పున ఆగకుండా పోగలిగితే 3 మార్కులకు ఢోకా లేదు.

మా నాన్న కోడుమూరు వైపు బావుల్లో బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకున్న మనిషి. సెలవుల్లో నాకూ అట్లాగే నేర్పించాడు. బావి ఈతతో భయం పోతుంది, అది చిన్న సంగతేం కాదు. కానీ తల పైకెత్తి నాలుగు బారలు వేసేసరికి అవతలి గట్టు వచ్చేస్తుంది కాబట్టి దమ్ము దాచుకోవాల్సిన పనే పడదు. 400 మీటర్లకు ఆ పద్ధతి నడవదు. తల లేచిందంటే నడుము దిగిపోతుంది, కాళ్లు వేలాడతాయి, ఎంత కొట్టుకున్నా మనిషి ముందుకు సాగదు. ముఖం నీళ్లలో ఉంచి, ఊపిరి నీళ్లలోనే వదిలి, పక్కకు తిరిగి పీల్చుకోవడం అలవాటయ్యాకే నా టైం తగ్గింది.

కానీ లేడీస్ బ్యాచ్‌లో తాడు కట్టిన లేన్ ఒక్కటీ లేదు. మంచి ఊపు మీద ఉన్నప్పుడే ఎవరో ఒక అక్క అడ్డమొస్తుంది. ఆగి, “సారీ అక్కా” అని, గోడ దాకా వెనక్కి వచ్చి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. మాస్కు, స్నార్కెల్ (నోటితో గాలి పీల్చుకునే గొట్టం), ఫిన్స్‌తో చేతులు వాడకుండా ఈదే 800 మీటర్లదీ ఇదే గోస.

అసలు టెన్షన్ మాత్రం మనిషిని లాగే పరీక్షతోనే. ఇద్దరూ సిలిండర్‌తో సహా డైవింగ్ సామానంతా తగిలించుకొని నీళ్లపైన ఉంటారు. ఒకరు కదలకుండా వెల్లకిలా పడుకుంటారు. రెండోవారు ఎవరి సాయమూ లేకుండా 100 మీటర్లు లాక్కెళ్లాలి. 4 నిమిషాల 20 సెకన్లలోపైతే 3 మార్కులు. దీనికి చేతి బలం పెద్దగా అక్కర్లేదు. చేయి చాచి పడుకున్నవారి సిలిండర్ వాల్వు పట్టుకొని, మిగతా పని కాళ్లకు వదిలేయాలి. మోకాళ్లు మడిచి తన్నితే నీళ్లు చిమ్ముతాయంతే. తుంటి దగ్గర్నుంచి కాలు చాచి నిదానంగా ఆడించాలి. లాగేవాళ్ల బీసీడీలో గాలి ఎక్కువైతే అదే నీళ్లకు అడ్డు తగిలి వెనక్కి పట్టేస్తుంది. మొదట్లోనే తొందరపడితే గమ్యం చేరకముందే పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు ఫిన్ కొన పట్టుకొని తనవైపు లాక్కుంటూ కాలు చాచాలి.

సిలిండర్ మన దగ్గర ఉండదు కాబట్టి ఫిన్స్‌తోనే సాధన. మా వీధిలో ఉండే కాలేజీ లెక్చరరు మేడం “ఊరికే పడుకోవడమేగా, నేనొస్తా” అంది. వచ్చింది. కానీ లాగుతున్నంతసేపూ మెడ ఎత్తి “ఎంతదూరమొచ్చినాం?” అని అడుగుతూనే ఉంటుంది. ఆమె మెడ ఎత్తినప్పుడల్లా కాళ్లు కిందికి దిగుతాయి, నాకు బండికి బ్రేకు వేసినట్టవుతుంది. అయినా ఆమె మేలు మరువలేను.

ఒకరోజు సగం దూరం కూడా పోకముందే లేడీ గార్డు విజిల్ ఊదింది. ఆఫీసులో అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఫిన్స్ తగిలి పక్కవాళ్లకు దెబ్బలు తగులుతాయట. పైగా మనిషిని అట్లా లాక్కుపోతుంటే ఏదో జరిగిందని జనం హడలిపోతున్నారట. మొదటి మాట న్యాయమే, తాడు కట్టి ఒక లేన్ వేరు చేస్తే ఆ సమస్య తీరిపోతుంది. రెండోదానికి ఏం చెప్పాలి? లేడీస్ బ్యాచ్‌లో అది చూసి హడలిపోతే తుంగభద్ర ఒడ్డున ఏం చేస్తాం?

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పరీక్షలో లాగేది కదలని మనిషిని, అతని జాకెట్టులో గాలి కూడా ఉంటుంది. నదిలో మునిగిపోతున్నవాడు కదలకుండా ఉండడు. దొరికినవాళ్లను పట్టుకొని వాళ్ల మీదికెక్కుతాడు. అందుకే డైవ్‌మాస్టర్లు కూడా ముందే దూకరు. అందేంత దగ్గరుంటే గట్టు మీంచే కర్ర చాచాలి, లేకుంటే తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో, తేలేది ఏదైనా విసరాలి. ఒకరి కోసం ఇంకొకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు వేసవి వచ్చిందంటే పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

శిబిరాల్లో పిల్లలకు ఎంతసేపూ స్పీడే నేర్పిస్తున్నారు. కేసీ కెనాల్‌కు (కర్నూలు-కడప కాలువకు) నీళ్లు వదిలాక, లైనింగ్ వేసినచోట గట్టు నున్నగా జారుతుంది, ఈత వచ్చినవాడికీ పట్టు దొరకదు. అక్కడ ప్రాణం నిలిపేది మనుషులొచ్చేదాకా తేలుతూ ఉండగలగడమే. మాకు పెట్టే మరో పరీక్ష అదే. ఏమీ పట్టుకోకుండా 15 నిమిషాలు ఉన్నచోటే తేలాలి, చివరి 2 నిమిషాలు చేతులు నీళ్ల పైన ఉండాలి. పిల్లలకు అన్ని నిమిషాలు పెట్టమనను. అయిదు నిమిషాలతో మొదలుపెట్టినా చాలు, తాడు విసరడం ఒక పూట నేర్పినా చాలు.

నగరపాలక సంస్థను, క్రీడాశాఖను, ప్రైవేటు కొలనుల వాళ్లను నేను కోరేది పెద్దదేం కాదు. వారానికి రెండు రోజులు లేడీస్ బ్యాచ్‌లో గోడవైపు ఒక్క లేన్‌కు తాడు కట్టండి, అందులో ఫిన్స్‌కూ మనిషిని లాగే సాధనకూ అనుమతివ్వండి. గోడ మీద మీటర్ల గుర్తులు వేయండి. చూసి భయపడతారనుకుంటే ‘శిక్షణ జరుగుతోంది’ అని ఒక బోర్డు పెట్టండి.

నా దగ్గర రెండు జతల ఫిన్స్ ఉన్నాయి. ఆసక్తి ఉన్న ఆడపిల్లలెవరైనా పొద్దున బ్యాచ్‌కు వస్తే నాకు తెలిసింది చెప్తాను. కాసేపు కదలకుండా పడుకోగలిగినవాళ్లయితే మరీ మంచిది, లెక్చరరు మేడం వచ్చే వారం వాల్యుయేషన్ డ్యూటీకి పోతోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వెంకటరమణ కాలనీ, కర్నూలు