పోలీస్ భర్తీకి తయారవుతున్న బిడ్డకు

సిరొంచ,
ఆదివారం

బిడ్డా,

పొద్దున గ్రౌండ్‌కు పోయేముందు ఏమన్నా తినాలా, వట్టి కడుపుతోనే పోవాలా అని ఫోన్‌లో అడిగినవు. నేను చెప్పేలోపే సిగ్నల్ పోయింది. ఇది ఒక్క ముక్కలో చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నా.

వట్టి కడుపుతో ఉరికితే కొవ్వు కరుగుతుందని మీ రూమ్‌లో అమ్మాయిలు అంటున్నారట. ఆ పరుగు తీసినంత సేపు కొవ్వు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అది నిజమే. కానీ తిని ఉరికినవాళ్లకు మిగతా రోజులో ఆ లెక్క సరిపోతుంది. రోజు మొత్తానికి తిండి, కష్టం సమానంగా ఉంటే బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు. అయినా నీకు బరువు తగ్గే పనేముంది? మన మహారాష్ట్ర పోలీస్ భర్తీలో ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగుకు 20 మార్కులు, 100 మీటర్లకు 15, గోళాకు, అంటే ఇనుప గుండు విసరడానికి 15. నాలుగు కిలోల గోళా దూరం పోవాలంటే భుజంలో, తొడల్లో బలం ఉండాలి. ఆ బలం తినకుండా రాదు.

మనం తిన్న అన్నం, జొన్నరొట్టె ఒంట్లో చక్కెరగా మారి రెండు చోట్ల నిల్వ ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో దానికి నాలుగింతలు. మనం నిద్రపోయినా మెదడు పని ఆగదు. రాత్రంతా దానికి చక్కెర అందించేది కాలేయమే. అందుకే తెల్లారేసరికి కాలేయంలోది బాగా తగ్గిపోతుంది, కండరాల్లోది చాలావరకు అట్లనే ఉంటుంది. 800 మీటర్లు ఒక్కసారి ఉరకడానికి పట్టేది మూడు నాలుగు నిమిషాలు. ఆ శక్తి పొద్దున తిన్న అరటిపండుది కాదు, ముందురోజు తిన్న తిండిది. మెస్‌లో కూర బాగాలేదని రాత్రి అన్నం మానేసి పడుకుంటున్నావని విన్నా. పొద్దున తినకపోవడం కంటే నాకు దాని టెన్షనే ఎక్కువ. కూర నచ్చకపోతే పెరుగన్నం తిను, పచ్చడేసుకుని తిను. రాత్రి మాత్రం కడుపు నింపుకుని పడుకో.

ఇక పొద్దున సంగతి. అరగంట మెల్లగా ఉరికి వచ్చే రోజు గ్లాసు నీళ్లు తాగి పోయినా ఏం కాదు, నీకు ఆకలి లేకపోతే బలవంతంగా మింగకు. కానీ మీ సర్ వార్మప్, 100 మీటర్లు మళ్లీ మళ్లీ, తర్వాత గోళా అని గంటన్నర చేయించే రోజు వట్టి కడుపుతో పోవద్దు. మొదటి అరగంట బాగానే ఉంటుంది. తర్వాత కాళ్లు బరువెక్కుతాయి, కొందరికి కళ్లు తిరుగుతాయి, గోళా చేతిలోంచి సరిగ్గా పోదు. ఆ రోజు ప్రాక్టీస్ సగం వృథా అయినట్టే.

ఏం తినాలంటే, నీకున్న టైమ్‌ను బట్టి చూసుకో. గంట ముందు లేచేటట్టయితే ఒక అరటిపండు, గుప్పెడు అటుకులు బెల్లంతో. అరగంటే ఉంటే అరటిపండు ఒక్కటే, లేదంటే రెండు మూడు ఖర్జూరాలు. ఒక అరటిపండులో దాదాపు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, తొందరగా అరుగుతుంది కూడా. హోటల్‌లో నూనె వేసి చేసే పోహే (అటుకుల ఉప్మా), వడాపావ్ అప్పుడు ముట్టుకోకు. నూనె కడుపులో చాలాసేపు ఉంటుంది. ఉరుకుతున్నప్పుడు రక్తం కాళ్ల కండరాలకు ఎక్కువ పోతుంది, పేగులకు తగ్గుతుంది. అరగని తిండి మీద ఉరికితే వాంతి వచ్చినట్టు ఉండడం అందుకే, డొక్కలో పోటు కూడా రావొచ్చు. పల్లీలు మంచివే, కానీ పరుగు అయ్యాక తిను. కడుపు నిండా భోజనం అయితే మూడు నాలుగు గంటల ఎడం కావాలి, తెల్లవారుజామున అది కుదరదు.

చాయ్ తాగితే తాగు, కానీ చాయ్‌నే నాష్టా అనుకోకు. ఐరన్ మాత్ర వేసుకునేటప్పుడు మాత్రం చాయ్ దగ్గరికి రానీయకు, గంట రెండు గంటలు ఎడం పెట్టు. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదు, నిమ్మరసం పట్టేటట్టు చేస్తుంది. అంగన్‌వాడీలో నేను ఎంతోమంది ఆడపిల్లలకు చెప్పే మాటే ఇది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఎంత ప్రాక్టీస్ చేసినా ఊపిరి అందకపోవచ్చు. ఈ నెల పీహెచ్‌సీలో ఒకసారి చూపించుకో, ఎంత ఉందో నాకు చెప్పు.

ఇంకొకటి, ఇది బాపు ముందర ఫోన్‌లో అడగలేకపోయా. నెలసరి సరిగ్గా వస్తుందా? కష్టం ఎక్కువ చేసి తిండి తక్కువ తినే ఆడపిల్లలకు అది వెనక్కి పోతుంది, కొందరికి ఆగిపోతుంది. పీడ పోయిందని సంబరపడేవాళ్లను చూశా, అది మంచిది కాదు. చేసే కష్టానికి తగ్గ తిండి అందక ఒళ్లు ఆ పని ఆపేసిందని అర్థం. అట్లనే సాగితే ఎముకలు పలచబడతాయి, కాలి ఎముకలో సన్న పగుళ్లు వస్తాయి. అది వచ్చిన పిల్ల వారాల తరబడి ఉరకలేదు. రెండు నెలలు రాకపోతే దాచకు, నాకు చెప్పు, డాక్టర్ దగ్గరికి పోదాం.

పరుగు అయ్యాక గంటలోపల సరిగ్గా తిను. అన్నం పప్పు, గుడ్డు, ఏది దొరికితే అది. స్నానం, బట్టలు, క్లాస్ అని పది దాటించకు. ఎండలు ముదురుతున్నాయి, మన విదర్భ ఎండ నీకు తెలియనిది కాదు. రాత్రి పడుకునే ముందూ లేవగానే నీళ్లు తాగు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్లు చాలలేదని అర్థం.

భర్తీ రోజు వేరే. తెల్లారకముందే గేటు దగ్గర నిలబెడతారు, కాగితాలు చూసి, ఎత్తు కొలిచి, నీ నంబర్ వచ్చేసరికి ఎండెక్కుతుంది. పొద్దున తిన్నది అప్పటికి అయిపోతుంది. డబ్బాలో రెండు అరటిపండ్లు, బెల్లం అటుకులు, ఒక సీసా నీళ్లు పెట్టుకో, లైన్‌లో ఉన్నప్పుడే కొంచెం కొంచెం తిను. ఎవరో గ్లూకోజ్ పొడి ఇచ్చారనో, ఎనర్జీ డ్రింక్ ఇచ్చారనో ఆ రోజే మొదటిసారి తాగకు. నీ కడుపుకు ఏది పడుతుందో ఇప్పుడు ప్రాక్టీస్‌లోనే తేల్చుకోవాలి.

నువ్వు పొద్దున్నే ఉరుకుతున్నావని విని అవ్వ కూడా లేవగానే నడకకు పోతా అంటోంది. ఆమె షుగర్ మాత్రలు వేసుకుంటుంది, వట్టి కడుపుతో పోతే చక్కెర పడిపోవచ్చు. డాక్టర్‌ను అడిగేదాకా నాష్టా తిన్నాకే నడవమని ఆపిన. నువ్వు కూడా ఫోన్‌లో చెప్పు, నీ మాటైతే వింటది.

మంగళవారం ఆలపల్లి మీదుగా వచ్చే ఎస్టీ (సర్కారు) బస్సులో మన పక్కింటి అన్న గడ్చిరోలికి వస్తున్నాడు. బెల్లం అటుకులు, ఖర్జూరాలు, పల్లీ పట్టీలు పంపుతున్నా. బస్టాండ్‌కు వచ్చి తీసుకో. ఈ వారం ఏ రోజు ఏం తిన్నావో, తిన్నాక ఎంతసేపటికి ఉరికినవో, కడుపు ఎట్లా ఉందో ఒక కాగితం మీద రాసిపెట్టు. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపిస్తే, ఏది ఉంచాలో ఏది మార్చాలో ఇద్దరం చూద్దాం.

మీ అమ్మ