లిఫ్టులో సెంటు మాకొద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఇల్లు ఘుమఘుమలాడాలంటే ఏం చేయాలో చిట్కాలు వేశారు. ఏ గదిలో ఏ ఎయిర్ ఫ్రెషనర్ పెట్టాలో వివరంగా ఉంది కానీ ఆ వాసన పడనివాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. మా పాపకి తొమ్మిదేళ్లు, మూడో ఏటి నుంచీ ఆస్తమా ఉంది. ఈమధ్య ఉగాదికి ముందు, కింద లిఫ్టు దగ్గర ఒకటే కంపు కొడుతోందని అసోసియేషన్ వాళ్లు లిఫ్టు లోపల ఆటోమేటిక్ స్ప్రే డబ్బా బిగించారు, పావుగంటకోసారి దానంతట అదే కొట్టేది. ఆరుగురు పట్టే చిన్న లిఫ్టు, తలుపు మూసుకుంటే గాలి ఆడేది అంతంతమాత్రం. రెండో రోజు సాయంత్రం పాప డాన్స్ క్లాసు నుంచి వచ్చి లిఫ్టు ఎక్కగానే అది కొట్టింది. పైకి వచ్చేసరికి దగ్గు, ఇంట్లో అడుగు పెట్టగానే పిల్లికూతలు. చెప్పులైనా విప్పకుండా గుమ్మం దగ్గరే కూలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి లాగినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతుంటే, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి ఇన్‌హేలర్ ఇస్తున్న నా చేతులు వణికాయి. దాని ఆయాసం తగ్గేదాకా ఇంట్లో ఎవరికీ మాట రాలేదు.

మీటింగ్‌లో చెబితే మా కింద ఫ్లాట్ పెద్దాయన "మంచి వాసన కూడా పడదా అమ్మా?" అన్నారు. ఆయన ఎగతాళిగా అనలేదు, నిజంగానే తెలియక అడిగారు. "పడదు బాబాయిగారూ, మీకు మంచి వాసనే, దానికి మాత్రం ఊపిరి అందదు" అన్నాను. ఆస్తమా ఉన్న చాలామందికి ఘాటైన సెంటు తగిలితే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి.

అసలు ఆ కంపు ఎక్కడిదో ఎవరూ చూడలేదు. లిఫ్టు పక్కనే ఎవరూ వాడని కామన్ బాత్రూమ్ ఉంది, నెలల తరబడి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ తాళం తీస్తే గుప్పున వచ్చింది. నేల మీద జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది చూడండి, అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ గాలిని పైకి రాకుండా ఆపుతాయి. వాడకం లేక ఆ నీళ్లు ఎండిపోయాయి, అంతే. రెండు చెంబుల నీళ్లు పోసి తలుపు కాసేపు తెరిచి ఉంచితే సాయంత్రానికి కంపు పోయింది. ఇప్పుడు వాచ్‌మన్ వారానికోసారి నీళ్లు పోస్తున్నాడు, లిఫ్టులో డబ్బా తీసేశారు.

చాలా స్ప్రేలు చేసే పని ఇంతే, కంపును తీసేయవు, దాని మీద ఇంకో వాసన కప్పుతాయి. మా లిఫ్టులో పెట్టిన డబ్బా మీద "పెర్ఫ్యూమ్" అన్న ఒక్క మాట తప్ప అందులో ఏం కలిపారో లేదు. నిమ్మ, నారింజ వాసన కోసం వాడే లిమోనిన్ గాలిలోని ఓజోన్‌తో కలిసి కొంత ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. స్ప్రే కొడితే క్యాన్సర్ వచ్చేస్తుందని భయపెట్టడం లేదు, ఆ మోతాదులు వేరు. కానీ కిటికీలు బిగించి, ఏసీ వేసి, రోజంతా కొట్టుకోవడం ఎందుకు? సహజమైన నూనె అని అమ్మేవాటిలోనూ ఈ లిమోనిన్ ఉండొచ్చు.

కలరా ఉండలు మరీ దారుణం. వాష్ బేసిన్లో వేస్తారు, బీరువాలో పసిపిల్లల బట్టల మధ్య కూడా పెడతారు. పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్లకు, ఆ ఉండల్లో వాడే నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు రావచ్చు. ఈ ఒక్కటి మాత్రం దయచేసి పెద్ద అక్షరాల్లో వేయండి.

నాకు సువాసనలంటే పగ లేదు. వేసవిలో మా అమ్మమ్మ కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లేది, ఆ చల్లటి వాసన ఇప్పటికీ గుర్తుంది. సాంబ్రాణి కూడా వేసేవాళ్లు, అయితే ఆ ఇంటికి నడవా, పెరడు ఉండేవి, పొగ బయటికి పోయేది. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో తలుపులు మూసి తలంటు పోసిన పసిబిడ్డకు పొగ వేస్తే ఆ పొగంతా బిడ్డ ఊపిరితిత్తుల్లోకే. అగరొత్తి వెలిగించినా కిటికీ తీసి వెలిగించండి.

మన ఇంట్లో మన ఇష్టం, కానీ లిఫ్టులు, క్యాబులు, ఏసీ బస్సులు అందరివీ. ఆమధ్య పాపని చూపించడానికి వెళ్తే పిల్లల ఆసుపత్రి వెయిటింగ్ హాల్లోనే ప్లగ్‌లో సెంటు మిషన్ పెట్టి ఉంది, మేం మెట్ల మీద కూర్చున్నాం. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2009లోనే తన ఆఫీసుల్లో ఇలాంటివి వాడకూడదని నిబంధన పెట్టుకుంది. మన దగ్గర కనీసం ఆసుపత్రుల్లోనైనా ఆ పని చేయొచ్చు కదా.

ఇంకొకటి. పోయిన నెల విజయవాడ వెళ్లే బస్సులో ఏసీ దగ్గర సెంటు డబ్బా వేలాడుతుంటే, పాప సంగతి చెప్పగానే డ్రైవర్ మారు మాట లేకుండా తీసి డిక్కీలో పెట్టాడు. అందరూ ఆయనలా ఉండరు, అర్ధరాత్రి దారి మధ్యలో దిగిపోలేం. టికెట్ బుక్ చేసేటప్పుడు దుప్పటి ఇస్తారా, చార్జింగ్ పాయింట్ ఉందా అన్నీ చూపిస్తారు, బస్సులో సెంటు వాడతారో లేదో కూడా అక్కడే చూపిస్తే మాలాంటివాళ్లం ఏ బస్సు ఎక్కాలో ముందే చూసుకుంటాం.

– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్